జోర్కా మూడో వరుస

సెయింట్ లూయిస్‌కు ఎదురుగా, నదికి ఇవతలి గట్టున ఉన్న మా ఉక్కు పోత కార్ఖానాలో జోర్కా ఇవనాఫ్ ఇరవై తొమ్మిదేళ్లు ఒకే పని చేసింది. గూడ్సు పెట్టెల కింద చక్రాలను పట్టి ఉంచే బరువైన పక్క ఫ్రేములు పోతపోసి చల్లారాక ఆమె ముందుకు వచ్చేవి. వాటికి అయస్కాంతం పట్టించి ఇనుప పొడి చల్లేది. పగులున్నచోట పొడి చీమల బారులా చేరేది. అలాంటివి పక్కకు తోసి, మంచివాటి మీద తన నంబరు ముద్ర కొట్టేది. నాది ఆమె పక్క బల్లే.

ఒక ఏడాది ఆగస్టులో నెబ్రాస్కాలో ఒక గూడ్సు పట్టాలు తప్పి, నాలుగు పెట్టెలు మొక్కజొన్న చేలోకి దొర్లాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విరిగిన ఫ్రేము పరీక్షకు మా దగ్గరికే వచ్చింది. దాని మీద జోర్కా ముద్ర ఉంది.

"నిన్నెవరూ ఏమీ అనట్లేదుగా," అన్నాడు ఫోర్‌మన్ క్లైడ్.

"అందుకే నాకేం అర్థం కావట్లేదు. తిట్టినా బాగుండు," అంది జోర్కా.

మర్నాటి నుంచి ఆమెకు ప్రతి ఫ్రేములోనూ గీతలే కనిపించాయి. తుడిచి చూసేది, మళ్లీ చల్లేది. తీసేసినవి గుట్టపడ్డాయి.

"కాఫీ మరక కూడా పగులేనా తల్లీ నీకు?" అని నేనే ఎగతాళి చేశాను. ఆమె ఆ ఫ్రేము మీద మళ్లీ పొడి చల్లింది. తెచ్చుకున్న రొట్టె, ఎర్రమిరప పచ్చడి అలాగే ఉండిపోయాయి.

రెండు వారాలకు ప్రయోగశాల వాళ్లు ఆ ఫ్రేమును కోసి చూశారు. పోతపోసేటప్పుడే లోపల బొద్దింకంత బోలు మిగిలిపోయిందట. పైన చల్లిన పొడికి అది దొరకదు.

"చూశావా, నీ తప్పు లేదు," అన్నాడు క్లైడ్.

"అయితే ఇన్నేళ్లూ నేను చూసిందేంటి క్లైడ్? మంచిదని ముద్ర కొట్టానే, దేన్ని చూసి మంచిదన్నాను?"

క్లైడ్ తన గదికి వెళ్లిపోయాడు.

సోమవారం జోర్కా ఫ్రేములను మూడు వరుసలుగా పెట్టింది. మంచివి, చెడ్డవి, ఎటూ తేల్చుకోలేనివి. ఈ మూడో వరుస ముందు సుద్దముక్కతో "తెలీదు" అని రాసింది.

"ఇదేం కొత్త గోల? తెలీదనడానికా నువ్విక్కడున్నది?" క్లైడ్ కేకలేశాడు.

"తెలిస్తే చెప్పనా?"

చివరికి విసుగెత్తి, ఆ వరుసలోని పదకొండు ఫ్రేములనూ లోపలి బోలును కూడా పట్టే శబ్దతరంగాల యంత్రం దగ్గరికి పంపించాడు. రెండింటిలో బోలు బయటపడింది. తొమ్మిది నిక్షేపంగా ఉన్నాయి.

క్లైడ్ ఆ ఫలితాల కాగితం చేతికిస్తే జోర్కా చాలాసేపు చదివింది.

"ఇప్పుడు సంతోషించాలా?" అని నన్నడిగింది. నిజంగానే అడిగింది.

ఆమె రిటైరయ్యేదాకా ఆ మూడో వరుస ఉంది. ఎవరూ తీయమనలేదు.