ముందు కూర్చునే బావ

మా పక్కింటి బావ హార్బర్లో పడవలకి వెల్డింగ్ చేసేవాడు. ఏది అతికించినా దానిమీద ముందు తనే కూర్చునేవాడు.

ఇంట్లో చిన్నాచితకా పనులకి నేను పెద్ద వెల్డింగ్ మెషిన్ కొనబోతే, "ఓడ కడతావేటి బావా? ఇంటి కరెంటుకి సిన్నది సాలు" అని ఆపాడు.

ఆ చిన్నదాంతోనే అమ్మకి స్టూలు చేశాను. ఇనుము మీద పాత రంగు గోకకుండానే అతికించేశాను. బావ కూర్చోగానే స్టూలు కాలు ఊడి దభీమని పడ్డాడు. పడ్డచోటే నవ్వుతూ, "రంగు గోకాల బావా! అమ్మ కూకుంటే ఏటయ్యేది?" అన్నాడు. గోకించి, అతికించి, మళ్ళీ కూర్చున్నాడు.

తర్వాత తగరపువలస వెళ్ళిపోయాడు. మొన్న మా వీధి గేటు నేనే అతికించి, దానిమీదెక్కి కూర్చున్నాను. చూసినవాళ్ళంతా నవ్వారు. అమ్మ మాత్రం ఆ స్టూలు మీంచి కదలకుండా, "ఇంకాస్త గట్టిగా కూకోరా" అంది.