వంతెన మీద చామంతుల బండి

తెయోఫిల్ ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాడు. చర్చిలో ప్రసంగం సాగుతుంటే లేచి వెళ్లి, బయట కారు తలుపులు సరిగా పడ్డాయో లేదో చూసొచ్చే రకం. అలాంటివాడికి చూపు మందగించి డ్రైవింగ్ లైసెన్సు పోయింది. ఇక అతని అవస్థ చెప్పాలా! ఏటా సమాధుల మీద పూలు పెట్టే సకల పునీతుల పండుగ ముందు, తాము అమ్మకానికి పెంచిన చామంతులను కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుని విస్తులా నది అవతల పట్నం శ్మశానం గేటుకు చేర్చేది అతనే. ఈ ఏడు స్టీరింగు భార్య హోనోరాతా చేతికి వచ్చింది. తోడుగా తాను వెళ్తానని అల్లుడు రాదెక్ అన్నాడు గానీ తెయోఫిల్ ససేమిరా అన్నాడు. ఆ పక్క సీటు కూడా పోతే తనకింక మిగిలేదేమిటి?

"సరే, వచ్చి ఏడువు," అంది హోనోరాతా. "దారిలో సణిగావంటే మాత్రం ఎక్కడికక్కడ దింపేస్తా. పెళ్లయినప్పట్నుంచీ వింటున్నా, ఇక చాలు."

"నోరు కుట్టేసుకుంటాలే," అన్నాడు రోషంగా.

పొద్దున్నే ఆమె మొక్కలకు నీళ్లు దండిగా పోసింది. చిన్న కుండీలు ముందు, పెద్దవి వెనక సర్దింది. గేటు దగ్గర మొదట దించి వరసగా పెట్టేది పెద్దవే కదా! తాళ్లు బిగించింది, చక్రాల్లో గాలి చూసింది. కారుకు తగిలించే ముందు తెయోఫిల్ అలవాటు కొద్దీ ట్రైలర్ ముక్కు పట్టుకుని ఎత్తాడు. దూదిలా లేచింది. బరువంతా వెనకే ఉంది. రోడ్డెక్కాక ఇది కారును అటూ ఇటూ ఈడుస్తుందని అతనికి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు. నోరు మూసుకోమంది కదా, అనుభవించనీ అనుకున్నాడు. ఆ పాడుబుద్ధికి ఏం పేరు పెట్టాలో నాకైతే తెలియదు.

ఆమె నెమ్మదిగానే నడిపింది. ముందు బండికి బాగా దూరం ఉంచింది. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క అతను సీట్లో తెగ కదిలాడు. లేని బ్రేకును కాలితో తొక్కాడు, మసకగా కనిపిస్తున్న పక్క అద్దంలోకి పదేపదే చూశాడు. చెప్పేద్దామా? ఇప్పుడు చెబితే ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నావంటుంది. వంతెన దాటాక చెబుదాంలే.

వంతెన నడిమికి వచ్చేసరికి ఓ పెద్ద లారీ వాళ్లను దాటింది. దాని వెంటే నది గాలి ఈడ్చి కొట్టింది. ట్రైలర్ ఎడమకు ఊగింది, కుడికి ఇంకా గట్టిగా ఊగింది. కారు వెనకభాగం దాంతోపాటే జారింది. తెయోఫిల్ రెండు చేతులతో సీటు పట్టుకున్నాడు. హోనోరాతా బ్రేకు జోలికి పోలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి స్టీరింగును తిన్నగా బిగించి పట్టుకుంది. వేగం తగ్గేకొద్దీ ఊపూ తగ్గింది.

వంతెన దాటి, పెట్రోలు బంకు పక్కన ఆపింది.

"గాలి ఎక్కువగా ఉంది," అన్నాడతను.

"పొద్దున ముక్కు ఎత్తి చూశావు. నీకు తెలిసిందా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు, ఆడలేకపోయాడు. "తెలిసింది."

"మరి?"

"నువ్వే కదా మాట్లాడొద్దన్నావు."

"సణగొద్దన్నానయ్యా! ప్రాణాల మీదికొస్తుంటే చెప్పొద్దన్నానా? అక్కర్లేనివన్నీ ఊరంతా వినేలా అరుస్తావే, ఇదొక్కటే కడుపులో దాచుకోవాలనిపించిందా?"

"నువ్వు తడబడితే చూడాలనుకున్నా," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె కారు దిగి ట్రైలర్ తాళ్లు విప్పింది. ఇద్దరూ కుండీలన్నీ దించి, పెద్దవాటిని చక్రాల మీదికీ కాస్త ముందుకీ వచ్చేలా మళ్లీ సర్దారు. తాడు ముడి వేస్తూ ఆమె అంది: "వచ్చే ఏడు రాదెక్‌ని తెచ్చుకుంటా."

కోపంగా అనుంటే వాదించేవాడే. ఆమె మామూలుగా అంది.

కారు కదిలిన కాసేపటికి తెయోఫిల్ మొదలుపెట్టాడు. "ఎదురుగాలి కంటే పక్కగాలి చెడ్డది. మలుపు కొంచెం వెడల్పుగా తిప్పు, లేకపోతే ట్రైలర్ చక్రం రోడ్డంచు గట్టు మీదికి ఎక్కుతుంది. కొంతదూరం పోయాక ఆగి కొక్కెం మళ్లీ చూసుకోవాలి. వచ్చేటప్పుడు ఖాళీది గతుకుల్లో ఎగురుతుంది, తొందరపడకు. రాదెక్‌కి ఇవేవీ తెలియవు."

ఆమె ఆపమనలేదు. శ్మశానం గేటు వచ్చాక కూడా అతను చెబుతూనే ఉన్నాడు. బయట జనం పూల కోసం ఎదురుచూస్తుంటే, హోనోరాతా కారు దిగకుండా అతను చెప్పేదంతా వింటూ కూర్చుంది.