మొలవని బొబ్బరికి నాలుగాకులు

మా సార్ పోయారని ఆయన కూతురు రాసిన కార్డు మొన్న మంగళవారం అందింది. పాలమూరులో, నిద్రలోనే పోయారట. నిజాం కాలంలో, ఆత్మకూరు దగ్గరి మా ఊరి బడిలో ఆయన నాకు నాలుగో తరగతి చెప్పారు. చెప్పింది ఏడాది కూడా కాదు. మధ్యలోనే బదిలీ చేశారు, అదీ నా మూలంగా.

పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పాలని సర్కారు హుకుం. సార్ ఇంటి భాషా ఉర్దూయే. అయినా సైన్సు పాఠానికి మాత్రం తలా ఒక నోటుబుక్కు కుట్టించి, కంటితో చూసినవి తెలుగులో రాయించేవారు. చీమలు ఎటు పోయాయి, గోడ నీడ ఎంత జరిగింది, ఇలాంటివి. రైటు, తప్పు అని ఎన్నడూ పెట్టలేదు. రాసినదాని కింద ఒక ప్రశ్న రాసి తిరిగి ఇచ్చేవారు. ఇప్పటికీ నేను ఏది రాసినా ఆ ప్రశ్న కోసం కింద కాస్త జాగా వదులుతాను.

"చూసింది రాయుండ్రి. చూడాల్సింది రాయకుండ్రి" అనేవారు.

ఒకనాడు తలా అయిదు బొబ్బర్లు ఇచ్చి, ఇంటి దగ్గర కుండపెంకులో విత్తి, రోజూ ఏం కనబడితే అది రాసుకు రమ్మన్నారు. అవి యుద్ధం రోజులు. సర్కారువాళ్లు లెవీ ధాన్యం కింద మా ఇంటి జొన్నలు ఊడ్చుకుపోయారు. ఇల్లు చేరేలోపే ఆ అయిదు గింజలూ నా కడుపులో పడ్డాయి.

తిన్నవాణ్ణి ఊరుకోక, ఉత్త మట్టికి రోజూ నీళ్లు పోశాను. మూడో రోజు నోటుబుక్కులో మొలక తెప్పించాను. ఒకసారి మొలిచాక ఇక ఆపడానికి వీలేది? రోజూ పెరగాల్సిందే. పక్కవాడి బొబ్బరికి రెండాకులు వస్తే నాదానికి నాలుగు వేశాను. కడుపు మాడుతున్నా గొప్పలకు మాత్రం తక్కువ లేదు. ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తున్నాడు, సోమవారం అందరూ మొక్కలు తేవాలని సార్ చెప్పారు. ఆ రోజే నా పేజీ కింద ఆయన ప్రశ్న: "ఆకు తాకితే ఎట్ల ఉంది?"

తాకడానికి ఆకేది? ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. కొడతారనుకున్నాను.

"ఎప్పుడు తిన్నవ్, ఎన్ని తిన్నవ్, తిన్నంక ఎట్లుండె, గదంతా రాయి బిడ్డా. గది గూడ నువ్వు చూసిందే గద."

రాశాను. అయిదు గింజలూ పచ్చివే తిన్నాను, ఆకలి పోలేదు అని.

సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తెలుగు రాతలు చూసి మొహం చిట్లించాడు. ఆయనకు తెలుగు చదవరాదు. ఖాళీ పెంకూ నోటుబుక్కూ పట్టుకుని నిలబడ్డ నన్నే పిలిచి, రాసింది ఉర్దూలో చెప్పమన్నాడు. ఉన్నదున్నట్టు చెబితే సార్ నౌకరీకి ముప్పని నాకు తెలుసు. ఆయన భార్య అప్పుడు నిండు చూలాలు. మొలిచింది, నాలుగాకులు వేసింది, నిన్న మేక తినేసింది అని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. గండం గడిచిందనుకున్నాను.

సార్ నవ్వలేదు. నోటుబుక్కులో అలా లేదని చెప్పి, దాన్ని నా చేతిలోంచి అందుకుని, ఒక్కో మాటా ఉర్దూలో చదివారు.

"సర్కారు రాజ్యంలో పిల్లలు పస్తులుంటున్నారని రాయిస్తున్నావా?"

"రాయించలేదు హుజూర్. వాడు చూసుకున్నది వాడు రాసుకున్నాడు."

పది రోజుల్లో బదిలీ కాగితం వచ్చింది, ఎక్కడో అడవి అవతలి బడికి. నిజం రాసి ఆయన్ని ఊరు దాటించాను. కాపాడబోయి అబద్ధమాడి, ఆయన ముందు తలెత్తుకోలేకపోయాను. ఎటు తిరిగినా దోషిని నేనే. ఈ వయసుకీ అందులోంచి బయటపడలేదు.

వెళ్లేరోజు పొద్దున బండి వెనక దూరంగా పొలిమేర దాకా నడిచాను. సార్ చూసి, బండి ఆపించి దిగారు.

"నా మూలంగనే గద సార్."



"పొద్దుగాల తిన్నవా?" అన్నారు.

మా వైపు ఎవరు అలా అడిగినా, తినకపోయినా తిన్నామనే అంటాం. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"తినలే సార్."

ఆయన బాట పక్కనే కూర్చుని, దారికి కట్టుకున్న మూట విప్పి, జొన్నరొట్టె తుంచి సగం నాకు పెట్టారు. ఇద్దరం తిన్నాం. నాది ముందే అయిపోయింది. తలెత్తి చూస్తే, బండి పరదా సందులోంచి గాజుల చెయ్యి ఒకటి, ఇంకో రొట్టె పట్టుకుని నా వైపు చాచి ఉంది.