కొలతల పుస్తకంలో అత్తయ్య

పొద్దున ఆరింటికే మా ఆయన మెడలో టేపు వేసుకుని బాత్రూం గోడ ముందు నిలబడ్డాడు. సాయంత్రం ఐదింటికల్లా అత్తయ్యను ఆసుపత్రి నుంచి తీసుకొస్తానని మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆలోగా ఆ గోడకి కడ్డీ బిగించాలి.

బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టరా అని అత్తయ్య చలికాలం నుంచీ అడుగుతూనే ఉంది. ఈయన రేపన్నాడు, ఆదివారమన్నాడు. నెల కిందట ఆవిడ తడి నేల మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి మాట్లాడే ఓపిక రాగానే కొడుకును దగ్గరికి పిలిచి, "నా అంతట నేను బాత్రూంలోకి వెళ్లగలిగితేనే ఆ ఇంటికొస్తా. ఒకరు ఎత్తుకెళ్లి కూర్చోబెట్టే పనైతే, ముసలివాళ్లని చూసుకునే చోటేదో ఉందట, అక్కడ చేర్పించండి" అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఆ రోజు నుంచి ఈయనకి కంటి మీద కునుకు లేదు.

"మేస్త్రీని పిలుద్దామండీ" అన్నాను.

"మా అమ్మకి కడ్డీ నేను పెట్టలేనా? మేస్త్రీకేం తెలుసే ఆవిడ ఎత్తు?"

మా ఆయన దర్జీ. కత్తెర పట్టుకుంటే ఈయనంత వాడు లేడు. సుత్తి పట్టుకుంటే మాత్రం ఇంట్లోవాళ్లం నాలుగడుగులు దూరంగా ఉంటాం. పక్కింటి ఏసీ మెకానిక్‌ని అడిగి డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాడు. ఆ తర్వాత కొట్టులో ఉండాల్సిన కొలతల పుస్తకం సంచిలోంచి తీశాడు. గోడకీ దానికీ ఏం సంబంధమా అని నోరెళ్లబెట్టి చూశాను.

"అమ్మ గౌను భుజం నుంచి నేల దాకా యాభై నాలుగు. భుజం నుంచి మోచేతికి పదమూడు. తీసేస్తే నలభై ఒకటి. చెయ్యి ఆనాల్సింది అక్కడే" అంటూ సుద్దతో గీత గీశాడు. లోకంలో ఏ మేస్త్రీకీ ఈ లెక్క తట్టదు.

ఆ కొలత పన్నెండేళ్ల నాటిది. అమ్మ కొలత నాకు నోటికొచ్చు అని గొప్పలు చెప్పుకుంటూ ఏటా రెండు గౌన్లు అలాగే కుట్టి ఇస్తాడు మహానుభావుడు. ఆవిడ నడుము వంగిపోయి ఐదారేళ్లయింది. గౌను నేల మీద ఈడుస్తుంటే, ఈయన కొట్టుకి వెళ్లాక కూర్చుని అంచు లోపలికి మడిచి చేత్తో కుట్టుకునేది. సూదిలో దారం ఎక్కించిచ్చేది నేనే. "వాడికి చెప్పకమ్మాయ్, నొచ్చుకుంటాడు" అని నా చేత ఒట్టు వేయించుకుంది.

"ఏమండీ, కాస్త కిందికి పెడితే..."

"కాస్త అంటే ఎంత? దర్జీతో అంగుళాల్లో మాట్లాడాలి."

నోటిదాకా వచ్చింది, మింగేశాను. వంటింట్లోకి వెళ్లాను, మళ్లీ వచ్చాను. పదింటికి మొదటి రంధ్రం పెడుతుంటే టైలు పగిలింది. పదకొండింటికి స్క్రూలు పొట్టివని ఎండలో పడి బజారుకి పరిగెత్తాడు. పన్నెండింటికి కరెంటు పోయింది. ఇక చూడాలి ఈయన అవస్థ! కూర్చోడు, నిలబడడు, స్విచ్చి వేస్తాడు, తీస్తాడు. నీళ్లిస్తే గ్లాసు పట్టుకుని వీధి చివరి దాకా వెళ్లి, కరెంటు వాళ్లొచ్చారేమో చూసి, తాగకుండానే తిరిగొచ్చాడు.

నా పరిస్థితీ అంతే. చెబితే ఒట్టు తప్పుతుంది. చెప్పకపోతే ఆవిడ సరిగ్గా అందని కడ్డీని చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతుంది. ఎటూ తేల్చుకోకముందే మూడింటికి కరెంటొచ్చింది, డ్రిల్లు మోగింది. పిరికిదాన్ని, తలుపు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

ఐదు దాటాక కారు ఆగింది. అత్తయ్య వాకర్ మీద వంగి ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికొచ్చింది. వెనకాల ఆడపడుచు ఆవిడ బట్టల సంచి పట్టుకుని ఉంది.

"ఆ సంచి ఇప్పుడే విప్పకండి" అని చెప్పి, అత్తయ్య తిన్నగా బాత్రూంలోకి నడిచింది.

చెయ్యి చాపింది. మోచేతి దగ్గర ఉండాల్సిన కడ్డీ భుజం దగ్గరుంది. భుజం దాకా చెయ్యెత్తి పట్టుకుంది. అది చూసి నాకు చచ్చిపోవాలనిపించింది.

"బాగుందిరా. సరిగ్గా సరిపోయింది" అంది కొడుకుతో.

ఆవిడ కాళ్ల దగ్గర టైలు ముక్కొకటి మిగిలిపోయింది. తీయడానికి ఈయన వంగాడు. గౌను అంచు కళ్లెదుట పడింది. ముక్క సంగతి మరిచిపోయి అంచును వేళ్లతో తిరగేశాడు.

"చేతి కుట్టు. ఎనిమిది అంగుళాలు మడిచారు. ఎవరమ్మా?"

"నేనే."

"ఎప్పట్నించి?"

"నువ్వు నన్ను కొలవడం మానేసినప్పట్నించి."

ఈయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. మెడలోంచి టేపు తీసి, కొట్టులో అందరితో అనే మాటే అలవాటుగా అనేశాడు.

"నిటారుగా నిలబడమ్మా."

"ఇదేరా నా నిటారు."

ఈయన మోకాళ్ల మీద కూర్చుని భుజం నుంచి నేల దాకా కొలిచాడు. నలభై ఆరు. ఇంకోసారి కొలిచాడు. పుస్తకంలో పాత అంకె కొట్టేసి కొత్తది రాస్తుంటే పెన్సిల్ ముల్లు విరిగింది.

అత్తయ్యను హాల్లో కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నేను కడ్డీ పట్టుకున్నాను. "నీకు తెలుసా?" అన్నాడు. "తెలుసు" అన్నాను. డ్రిల్లు అందుకున్నాడు, నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఏడింటికి కడ్డీ కిందికి దిగింది. పైన పాత రంధ్రాలు నాలుగూ అలాగే ఉండిపోయాయి.

అత్తయ్య లేచి వెళ్లింది. తలుపు మూసుకుంది.

"గడియ పెట్టకమ్మా!"

ఠక్కున గడియ పడింది. మేమిద్దరం బయట నిలబడ్డాం. వాకర్ గోడకి ఆనించిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఈయన తలుపు మీద చెయ్యి వేశాడు, తీశాడు. చాలాసేపటికి నీళ్లు పోసిన చప్పుడు, దాని వెనకే ఆవిడ గొంతు వినిపించాయి.

"అమ్మాయ్, ఆ సంచి విప్పు."