ఎర్రగుంట్లకు ఉన్ని కోటు

వెంకటేశ్వరిని కంపెనీవాళ్లు వీసా క్యాన్సిల్ చేసి ఎర్రగుంట్లకు పంపించేస్తున్నారని కువైట్ రిగ్గైలో మా బిల్డింగంతా చెప్పుకున్నారు. ఆ మాట అబద్ధం. అబద్ధమని తేల్చింది నేనే కాబట్టి, నిజమేదో కూడా నేనే రాస్తున్నాను. వేరేవాళ్లకు వదిలేస్తే దానికి ఇంకో రెండు తోకలు తగిలిస్తారు.

ముందుగా ఆ మాట మోసుకొచ్చింది మా ఎదురు ఫ్లాటు హమీదా బీ. శుక్రవారం పొద్దున నా మెస్సుకు వచ్చేవాళ్ల కోసం ఉగ్గాని కలుపుతుంటే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"వదినా, పైనింటి వెంకటేశ్వరి పని ఖలాస్."

"ఏమైంది?"

"ఎర్రగుంట్లకు పంపిచ్చాండారంట. మెట్ల మీద ఫోన్లో చెప్పుకుంటాంటే నా చెవులతో విన్న్యా."

"దానిది చిట్వేలు గదా. చిట్వేలుకు పోయేటోళ్లు కోడూరులో దిగుతారు గానీ ఎర్రగుంట్లలో ఎందుకు దిగుతారు?"

"క్యాన్సిలయినోళ్లకు యా స్టేషనైతే ఏముందిలే వదినా" అని, ఒక బజ్జీ తీసుకుని వెళ్లిపోయింది.

పాపం అన్నాను. సాయంత్రం లోపల నాలుగు అంతస్తుల్లోనూ అందరం పాపం అన్నాం. ఒకామె పప్పు గిన్నె ఇచ్చింది, ఒకామె ఊరికి తీసుకుపొమ్మని పాత సూట్‌కేసు ఇచ్చింది. అన్నాళ్లూ ఆమెతో సరిగా మాట్లాడని గౌసియా బీ కూడా భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది. తనకంటే పైకి పోతున్న మనిషి కిందికి దిగితే ఓదార్చడానికి ఎవరికైనా ఓపిక వస్తుంది. వెంకటేశ్వరి అన్నీ తల వంచుకుని తీసుకుంది. తల వంచుకోవడం ఆ మనిషికి అలవాటు లేదు. అనుమానం రావాల్సింది అక్కడే, నాకు రాలేదు.

ఆమె కువైట్‌కు వచ్చినప్పటి నుంచి నాకు తెలుసు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక పెద్దింటికి ఇంటిపనికి వచ్చింది. ఆ ఇంటావిడను, పనివాళ్లు మామా అనేది ఆమెనే, వచ్చిన కొత్తలోనే "నాకు శుక్రవారం సెలవు కావాల మామా" అని అడిగేసిందట. మేమంతా ఏళ్ల తరబడి గొంతులోనే పెట్టుకున్న మాట అది. ఆమె అడిగింది, వాళ్లు ఇచ్చారు. ఆ సెలవు రోజున నా దగ్గరికి వచ్చి అన్నం తినేది. తిన్నంతసేపూ ఇదెంత, అదేమిటి, ఫలానా పనికి ఎవరిని అడగాలి అని నా ప్రాణం తీసేది. ఆరాలు తీయడంలో నన్ను మించినవాళ్లు లేరనుకునేదాన్ని. నేను ఊరోళ్ల సంగతులు అడుగుతాను, ఆమె తనకు కావలసింది అడుగుతుంది. ఆ తేడా అప్పుడు నాకు పట్టలేదు.

ఆ మామాకు బ్రిటన్ బట్టల మోజు. ఫోనులో చూసి ఒకే గౌనును మూడు సైజుల్లో తెప్పించుకుని, ఒకటి ఉంచుకుని మిగతావి వెనక్కి పంపేది. వాటిని మడిచి, కవర్లో పెట్టి కొరియర్ మనిషికి అందించడం వెంకటేశ్వరి పని. ఆ కొరియర్ మనిషి అతీఖ్, రాయచోటి వాడు. గుమ్మంలో తెలుగు వినపడేసరికి ఇద్దరికీ మాట కలిసింది. ఇంటి వీసావాళ్లు కంపెనీ వీసాకు మారవచ్చని ఒక ఎండాకాలం ప్రభుత్వం వీలిచ్చినప్పుడు, మీ గోడౌన్‌లో ఆడోళ్లకు పనుందా అని అతీఖ్‌ను అడిగింది. నన్ను వదిలిపెట్టండని కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన ఇంటి యజమానిని కూడా తనే అడిగింది. ఆయన సంతకం పెట్టాడు. అలా దజీజ్‌లోని కొరియర్ గోడౌన్‌లో, వెనక్కి పంపే సరుకు సర్దే లైన్లో చేరి, మా పైనింట్లో దిగింది. నా దగ్గరే ఉండే మా చెల్లెలి కూతురు సుధారాణి కూడా ఆ లైన్లోనే ఉంది. సుధారాణిని చేర్చడానికి నేను అతీఖ్‌కు ఎన్నిసార్లు బిర్యానీ పంపానో ఆ దేవుడికే తెలుసు.

సరే, క్యాన్సిల్ మాట పుట్టిన వారం రోజులకు వెంకటేశ్వరి సూక్ అల్ జుమా నుంచి వస్తూ మెట్ల మీద ఎదురైంది. ఆ సంతలో పాత బట్టలు చవక. చేతిలో పెద్ద కవరు ఉంది.

"ఏమ్మే, ఏం కొన్న్యావు?"

"ఏంల్యా అత్తా, దుప్పటి."

దుప్పటికి చేతులుంటాయా? నేను కవరు నోరు తెరిచి చూశాను. ఉన్ని కోటు. మోకాళ్ల దాకా ఉంది, లోపల పట్టులాంటి అస్తరు. బయట ఎండకు కారు తలుపు ముట్టుకుంటే చేయి కాలుతోంది. ఎర్రగుంట్లలో నాపరాళ్ల గనుల మీద కాసే ఎండ కూడా అంతకు తక్కువేమీ కాదు. అక్కడికి పోయే మనిషికి ఉన్ని కోటెందుకు?

ఆ ప్రశ్న పట్టుకున్నాక నాకు కూర వండబుద్ధి కాలేదు. సుధారాణిని అడిగితే "నాకేం తెల్చు పెద్దమ్మా" అని ఫోను వైపు తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం అతీఖ్ మెస్సుకు అన్నానికి వచ్చాడు. రెండో గరిటె పప్పు వేసి పక్కన కూర్చున్నాను.

"అతీఖూ, వెంకటేశ్వరిని ఎందుకు పంపిచ్చాండారు నాయనా?"

"ఎర్రగుంట్లకా? అదృష్టం ఉండాల పెద్దమ్మా."

"క్యాన్సిలయి పోయేదానికి అదృష్టమేందిరా?"

ముద్ద నోటి దగ్గర ఆగింది. నా ముఖం చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు యా ఎర్రగుంట్ల అనుకున్న్యావు?"

అప్పుడు బయటపడింది సంగతి. వాళ్ల లైన్లో వెనక్కి పంపే సరుకంతా బ్రిటన్‌కు పోతుంది. అక్కడ ఏ ప్రాంతం గోడౌన్‌కు పోవాలో చూసి ఒక్కో జాలీ బండిలో వేయాలి. ఆ ఊర్ల పేర్లు ఎవరి నాలుకకూ తిరగక ఒకదాని సరుకు ఇంకోదాంట్లో పడుతుంటే, వెంకటేశ్వరి బండ్లకు మన ఊర్ల పేర్లు పెట్టేసింది. జనమంతా ఎగబడే లండన్ తిరుపతి. బట్టల వ్యాపారం జరిగే మాంచెస్టర్ ప్రొద్దుటూరు. చలిదేశం స్కాట్లాండ్ హార్సిలీ కొండ. నడిమధ్యన ఉండి దోవలన్నీ కలిసే మిడ్‌లాండ్స్ ఎర్రగుంట్ల. ఇప్పుడు ఆ లైన్లో నేపాలీవాళ్లు కూడా "ఎర్రగుంట్ల ఫుల్, యల్లా" అని బండి తోసేస్తారట.

"ఆయమ్మ చేరిన కొత్తలో తిరుపతి బండికే తొక్కిసలాట పెద్దమ్మా" అన్నాడు అతీఖ్. "ఇప్పుడది సగం నిండితే గొప్ప. ప్రొద్దుటూరు ఫరవాల్యా. హార్సిలీ కొండ ఎప్పుడూ నాలుగు పొట్లాలే. ఎర్రగుంట్లకు మాత్రం ఎన్ని బండ్లు పెట్టినా చాలడం ల్యా."

"లండన్ కంటే ఎక్కువా?"

"లండన్లో గోడౌను కట్టేదానికి జాగా యాడుండాది? ఉన్న్యా బాడుగ మోయల్యారు. నడిమధ్య అయితే జాగాకు జాగా, యా పక్కకైనా లారీ పొయ్యి పొద్దుగుంకేలోపల తిరిగొస్తాది. సరుకు విమానాలు దిగేది కూడా ఆ పక్కనే. అంగళ్లోళ్లంతా లండన్ నుంచి మూటలు కట్టుకొని ఆడికే పోతాండారు. మన సిమెంటు ఫ్యాక్టరీలు కడప టౌన్లో పెట్టకుండా ఎర్రగుంట్లలో ఎందుకు పెట్టినారు? అంతే కత."

వాళ్ల కంపెనీ కూడా అక్కడివాళ్లతో కలిసి కొత్త గోడౌను తెరిచిందట. ఇక్కడి నుంచి పోయిన సరుకు అక్కడ ఎట్లా దించుకుంటారో, ఎట్లా విప్పుతారో చూసి నేర్చుకుని రావడానికి ఒక మనిషిని పంపుతారు. తిరిగి వచ్చాక లైనుకు ఆ మనిషే పెద్ద. వీసాకు కాగితాలు పెట్టారు. ఇంకా రాలేదు, రాకపోనూ వచ్చు.

"ఆ మనిషి మా సుధారాణి ఎందుకు కాకూడదు?"

"గోడౌన్ సారు అందర్నీ నిలబెట్టి అడిగినాడు పెద్దమ్మా, ఎవురు పోతారని. మేమంతా బూట్లు చూసుకున్న్యాం. ఆయమ్మ చెయ్యెత్తింది."

అంతేనట. ఒక చెయ్యి ఎత్తడం. ఆ అమ్మాయి రాత్రికి రాత్రి ఇంగ్లీషు నేర్చిందనో, సారుకు పలావు చేసి పెట్టిందనో అతీఖ్ చెప్పి ఉంటే నాకు ఇంత మంట పుట్టేది కాదు. తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. ఆ మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే నా కుడి చెయ్యి నాకే పనికిరానిదిగా కనిపించింది. దీన్ని నేను దేనికి ఎత్తాను? గరిటె తిప్పడానికి ఎత్తాను.

సుధారాణి డ్యూటీ నుంచి రాగానే పట్టుకున్నాను.

"నీకు తెలుసంట గదనే?"

"తెలుసు."

"క్యాన్సిలయిందని అందరూ అంటాంటే నోరు మూసుకోనుంటివే?"

"దాని గొప్ప నేను చెప్పుకుంటా తిరగాల్నా? రేపు అది కోటేసుకొనొచ్చి, సుధా ఎర్రగుంట్ల బండి పక్కకు జరుపు అంటే జరపాల్సింది నేనే. అదేమన్నా తెలుచ్చాందా నీకు?" బ్యాగు మంచం మీద పడేసింది. "నాల్రోజులన్నా క్యాన్సిలయిందని అననీ జనాలను. వినేదానికి బాగుండాది."

"నువ్వూ చెయ్యెత్తింటే ఏం పొయ్యేది?"

"ఎత్తేది నువ్వు నేర్పిచ్చినావా పెద్దమ్మా? యాడికి పోయినా తల వంచుకొని పన్జెయ్యమంటివి. వంచుకున్న్యా."

ఇంట్లో మాట పడ్డ మనిషి ఊరి మీద పడతాడు, నేనూ అదే చేశాను. అంతస్తు అంతస్తుకూ పోయి నిజం చెప్పాను. క్యాన్సిల్ కాలేదమ్మా, బ్రిటన్‌కు పంపిస్తున్నారు అన్నాను. అంటూనే దాన్ని కాస్త తగ్గించాలని చూశాను. లండన్ అనుకునేరు, లండన్ కాదు, ఎక్కడో నడిమధ్యన గోడౌన్లు తప్ప ఇంకేమీ లేని ఊరు, మన ఎర్రగుంట్ల లాంటిదే అని గట్టిగా చెప్పాను. నా తగ్గింపు ఎవరి చెవికీ ఎక్కలేదు. బ్రిటన్ అన్న ఒక్క మాటే నిలబడింది. హమీదా బీ అయితే "నేనప్పుడే అన్న్యా వదినా, ఆ పిల్ల మామూలుది కాదని" అంది. మాట తిప్పేయడంలో ఆమెకు ఆమే సాటి. లండన్ కాదని నేను అన్నకొద్దీ, "మరి ఆ ఊరు లండన్ కంటే పెద్దదైపోతాందంట గదా" అని నాకే అప్పజెప్పారు. ఆ ముక్క కూడా అతీఖ్ దగ్గర విని నేను చెప్పిందే.

ఒక్క రోజులో బిల్డింగు ముఖం మారిపోయింది. పప్పు గిన్నె ఇచ్చినామె గిన్నె వెనక్కి అడిగింది. సూట్‌కేసు ఇచ్చినామె, అంత దూరం పోయేదానికి కొత్తది కొనుక్కుంటుందిలే అని దాన్ని కూడా తెప్పించుకుంది. ఓదార్చిన గౌసియా బీ మెట్ల మీద ఎదురైతే "ఏమ్మా దొరసానీ, మమ్మల్ని గుర్తు పడతావా" అని దారి వదిలింది. అందరి మాటల్లోనూ నా మనసులో ఉన్నదే వినిపించింది. నాకు తోడు దొరికినట్టు అనిపించాలి గదా, అనిపించలేదు. ఇంతమందికి ఇంత మంట ఉంటే ఆమెకు దొరికింది నేననుకున్నదాని కంటే పెద్దదే అయి ఉంటుందని ఇంకా కుళ్లుకున్నాను.

చివరికి పైకి వెళ్లి ఆమెనే అడిగాను. వెంకటేశ్వరి మంచం మీద కూర్చుని ఆ కోటు చేతులు పొట్టి చేసి కుడుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది, సూది ఆపలేదు. కోటును కాస్త తడిమి చూశాను. మెత్తగానే ఉంది, పాడు కోటు.

"వీసా వచ్చిందా?"

"ఇంగా రాల్యా అత్తా."

"నాకొక్క మాట ఎందుకు చెప్పల్యా? వచ్చిన కాడినుంచి అన్నం పెట్టినదాన్ని. ఎర్రగుంట్ల అంటే ఏందో తెలిసి, క్యాన్సిలయినావని అందరూ అంటాంటే ఒక్కర్తితోనన్నా కాదని చెప్పల్యా. వాళ్ల పప్పు తింటివి, వాళ్ల సూట్‌కేసు తీసుకుంటివి. ఎందుకుంటివే అట్ల?"

వెంకటేశ్వరి దారం పళ్లతో కొరికింది. కోటును ఒళ్లో మడిచి పెట్టుకుని, ఎప్పుడూ అడిగే ముఖంతోనే నా వైపు చూసింది.

"ఆ మాట లేపింది నేనే అత్తా. హమీదా బీ తలుపు వెనకాల ఉండాదని చూసుకొనే మెట్ల మీద ఫోన్లో మాట్లాడినా, ఆ పక్క ఎవురూ ల్యారు. పోగొట్టుకున్నోళ్లను చూచ్చే ఎవురి కండ్లూ మండవు గదా, వీసా వచ్చేదాకా పోగొట్టుకున్నదాని మాదిరే ఉందామనుకున్న్యా. నువ్వేమో ఇంటింటికీ పొయ్యి నిజం చెప్పొస్తివి, నిన్నటి నుంచి మెట్లెక్కాలంటే వీపు కాలిపోతాండాది. అందరి కంటే గట్టిగా పడింది నీ కన్నే అత్తా, కిందికి పొయ్యి గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొనొచ్చి నువ్వే దిష్టి తీయి."