బేసిన్ మీద సీతారాములు

నిన్న ఖమ్మంలో మా ఇంటి వాష్‌బేసిన్ గట్టుకు టైల్స్ వేయిస్తుంటే, బకెట్లో నానుతున్న టైల్స్ నుంచి తడి మట్టి వాసన వచ్చింది. ఆ వాసనకు బూర్గంపాడులో మా పెదనాన్న వేయించిన గట్టు గుర్తొచ్చి నవ్వొచ్చింది. గౌరవంతో వచ్చిన నవ్వు కాదు.

అవి తొంభైల నాటి ఎండాకాలాలు. మిరప కళ్ళాల ఘాటుకు ఊరంతా తుమ్ముతుండగా, నవమికి గోదావరి దాటి భద్రాచలం కల్యాణానికి పోయే ఆఫీసర్లు మా ఇంట్లో దిగేవాళ్ళు. పానకం, వడపప్పు, మామిడికాయ పప్పు పెట్టింది చాలక, వాళ్ళకు తెల్ల టైల్స్ కూడా చూపించాలని పెదనాన్న ముచ్చటపడ్డాడు. నిలబడి మొహం కడుక్కునే చోటు కావాలని పెద్దమ్మ అంతకు ముందు నుంచే అడుగుతోంది. మోకాళ్ళు వంగని ఆమెకు, పెరట్లో నీళ్ళ గోలెం పక్కన పాకుడు పట్టిన బండ మీద కూర్చొని లేవడం రోజూ ఒక గండం.

చివరికి బేసిన్ పెట్టించి గట్టు కట్టించాడు కానీ, ఆ పనిలో తప్పు జరగనిది ఏదీ లేదు. మెరుపు పోతుందని పెదనాన్న టైల్స్ నానబెట్టనీయలేదు. వాలు బేసిన్ వైపు కాక గోడ వైపు వచ్చింది. అన్నిటికీ మించి, బేసిన్ వెనక గోడకు, అద్దం ఉండాల్సిన చోట, భద్రాచలంలో కొన్న సీతారాముల టైల్ అతికించి, "ఇల్లంటే గిట్లుండాలె" అని మీసం దువ్వాడు.

నవమి పొద్దున నోటి నిండా నురగతో వచ్చిన ఆఫీసరు, ఎదురుగా దేవుణ్ణి చూసి, దిక్కులు చూసి, పెరట్లోకి పరుగెత్తాడు. ఆ తర్వాత ఎవరూ ఆ బేసిన్లో ఉమ్మలేదు. పెదనాన్న వేపపుల్లతో కొట్టం దగ్గరికి పోయేవాడు. బేసిన్లో బంతిపూలు వేసి, వచ్చినవాళ్ళకు నల్లా తిప్పి చూపించి, మళ్ళీ కట్టేసేవాడు. పెద్దమ్మ మళ్ళీ ఆ బండ దగ్గరికే.

వానలు పడ్డాక ఆమె ఆ బండ మీద జారిపడింది. మోచేయి వాచింది. తెల్లారి లేచి, కొక్కేనికున్న పెదనాన్న కండువా తీసి సీతారాముల మీద కప్పి, నల్లా తిప్పింది.

"ఏందే గది? దేవుని ముంగట ఉమ్ముతవా?"

"ముంగట కాదు, చాటుకు. నా మోకాళ్ళ సంగతి ఆయనకెరుకే. నీకే ఎరుకలేదు."

 ఆ రోజు పెదనాన్న కండువా లేకుండానే బజారుకు పోయాడు. ఆ కండువా మాత్రం మళ్ళీ ఆయన భుజం మీదికి రాలేదు.

ఏడాది తిరగకుండానే టైల్స్ ఒక్కొక్కటీ ఊడిపోయాయి. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, గోలెమూ లేదు, మిరప కళ్ళాల చోట లాడ్జీలు లేచాయి. పెద్దమ్మా లేదు.

మా మేస్త్రీ బేసిన్ వెనక గోడ మీద చెయ్యి ఆనించి అడిగాడు: "సార్, ఈడ దేవుని టైల్ పెడుదమా? మస్తుగుంటది."

"వద్దు. టవల్‌కు ఒక కొక్కెం పెట్టు" అన్నాను.