ఇంట్ల ఏమని పిలుస్తరు?

మా అనసూయక్క పిలవని పేరంటానికి వెళ్తుంది. అది పసుపు కుంకుమల పేరంటమైతే నాకేం బాధ లేదు. వెళ్లేది చావు జరిగిన ఇళ్లకు. మానుకోటలో ఎవరింట్లో ఏడుపు లేచినా సరే, కులం అడగదు, ఎండా వానా చూడదు, కొంగు నడుముకు దోపుకొని బయలుదేరుతుంది. నేను ఆమెకు తోటికోడల్ని, నా పేరు వాసవి. ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు మమ్మల్ని. ఆమెకు ఓర్పెక్కువ, నాకు నోరెక్కువ. ఆ నోటితోనే ఇన్నేళ్లూ ఆమెను ఆపాలని చూశాను, ఆగితే కదా!

అక్కడ ఆమె చేసేదేమిటని అందరూ నన్నే అడుగుతారు. పాడె కట్టేవాళ్లు వేరే, డప్పు కొట్టేవాళ్లు వేరే, మంత్రం చదివేవాళ్లు వేరే. అక్క చేసేది అడగడం. పోయినవాళ్లు ఏం ఇష్టంగా తినేవారు, ఏం కట్టుకునేవారు, ఎవరి చేతి నీళ్లు తాగేవారు, ఇట్లాంటివి ఇంటివాళ్ల పక్కన కూర్చుని అడుగుతుంది. విని, ఆ మనిషిని ఆ మనిషిలాగే సాగనంపేలా చూస్తుంది. మొట్టమొదటి ప్రశ్న మాత్రం ఎవరింట్లోనైనా ఒకటే. "ఇంట్ల ఏమని పిలుస్తరు?"

ఇప్పుడు మా నడింట్లో కూర్చోబెట్టి ఇంకో ముగ్గురు ఆడవాళ్లకు ఈ పని నేర్పుతోంది. వాళ్లకు చిట్యాలలో ఒక కుర్రాణ్ణి సాగనంపిన సంగతి చెప్పినప్పుడల్లా తాను చేసిన పొరపాటొక్కటే చెప్పి ఊరుకుంటుంది. అది విని నాకు ఒళ్లు మండుతుంది. అందుకే మొత్తం నేను చెబుతున్నాను.

అసలిదంతా ఒక చీర దగ్గర మొదలైంది. అక్క పుట్టిల్లు చిట్యాల. వాళ్లమ్మ పోయిందని కబురొచ్చి ఇక్కణ్ణుంచి వెళ్లేసరికి, ఆమెను పాడె మీదికి చేర్చేశారు. గంజి వాసన పోని కొత్త చీర కప్పారు. ఆ తల్లికి కొత్త చీర పడేది కాదు. కుచ్చుకుంటుందని పదిసార్లు ఉతికి, మెత్తబడ్డాకే కట్టుకునేది. ఆ సంగతి బిడ్డకు తెలుసు, కానీ బిడ్డనెవరూ అడగలేదు. తిరిగొచ్చాక అక్క ఇదే మాట పట్టుకుని కూర్చుంది. "పోయినోళ్లకు గరుకేంది, మెత్తనేంది? ఊకో అక్కా" అన్నాను నేను. ఇప్పటికీ ఆ మాటలో తప్పుందనుకోను.

మా కొట్టు వెనక సందులో హసన్ బీ ఉండేది. తురక వాళ్లలో ఆడవాళ్లు పోతే కడిగి, కఫన్ బట్ట చుట్టి సిద్ధం చేసే పెద్దమనిషి. అక్క చెప్పింది విని ఆమె ఊకోమనలేదు. "పాత చీర రంగేంది బేటీ?" అని అడిగింది. అక్క "వంకాయ రంగు" అంది. అంటూనే భోరుమంది. తల్లి పోయాక అక్క ఏడవడం అదే మొదటిసారి.

ఆ చలికాలమే తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుంది. రెండ్రోజులు కొట్టు తెరిస్తే మూడ్రోజులు బంద్. మగవాళ్లు టీవీ ముందు, మేము పొయ్యి ముందు. కొట్టు కట్టేసి ఉంటే అక్కకు చేతినిండా తీరికే. "నాకు గూడ నేర్పు ఖాలా" అని పిన్ని వరస కలిపి హసన్ బీ వెంటపడింది. అత్తమ్మ అయితే, "సావుకార్ల కోడలివి, మైల మోసుకొస్తవా?" అని శివాలెత్తింది. అక్క పెరటి వాకిట్లో ఇంకో బిందె నీళ్లు పెట్టుకుంది, తల మీదుగా పోసుకుని ఇంట్లోకి రావడానికి.

హసన్ బీ ఆమెను కడిగే నీళ్లు ముట్టనివ్వలేదు. "గిది మా పని. నీ పని అడుగుడు" అంది. చావింట్లోకి అడుగుపెట్టే ముందు కడుపులో ఏదైనా పడాలంది, లేకపోతే నువ్వే కళ్లు తిరిగి పడతావంది. వాళ్లకంటే ముందు నువ్వు ఏడవొద్దంది. "అంతా దేవుని దయ" అని మాత్రం అసలే అనొద్దంది. "అడిగినంక జర నోరు మూస్కోని కూసో. మొదాలు చెప్పే జవాబు ఊరి కోసం చెప్తరు బిడ్డా. ఇంటి జవాబు ఎన్కనొస్తది" అంది.

ఈ చివరి మాట అక్కకు దెబ్బ తింటే గానీ ఒంటబట్టలేదు. బజార్లో ఒక ముసలి సేటు పోయాడు. ఆయనకేం ఇష్టమని అడిగితే కొడుకులు "భజన" అన్నారు. అక్క భజన పెట్టించింది. తాళాలు, చిడతలు, బ్రహ్మాండంగా జరిగింది. పదకొండో నాడు సేటు భార్య, ఆ ముసలమ్మ, అక్క చెయ్యి పట్టుకుని, "బీడికట్ట జేబుల పెడ్దామనుకున్న బిడ్డా. నన్నెవ్వలు అడగలే. భజనంటె ఆయ్‌నకు నిద్రొచ్చేది" అంది. నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక చిట్యాల సంగతి. సకల జనుల సమ్మె నాటి మాట. అక్క తమ్ముడి భార్య శ్రీమంతానికని ఇద్దరం వెళ్లాము. మర్నాటి నుంచి బస్సులు బంద్. నేను రోజూ రోడ్డు మీదికొచ్చి ఇటూ అటూ చూసేదాన్ని. తెలంగాణ ఎప్పుడైనా రానీ, ముందు బస్సొస్తే చాలని మొక్కుకునేదాన్ని. అట్లా ఉండగా ఒక పొద్దున ఊరు గొల్లుమంది. గట్టమ్మ కొడుకు పృథ్వీ పోయాడు.

గట్టమ్మ పత్తి ఏరి, మిరప తోటల్లో కూలి చేసి ఒక్క కొడుకును సాకింది. మొగుడు ఎప్పుడో పోయాడు. పృథ్వీ చెల్పూర్‌లో కరెంటు ఫ్యాక్టరీ కట్టేచోట వెల్డింగ్ పని చేసేవాడు. ఉద్యమం మొదలయ్యాక ఆ పిల్లగాడి గొంతు మండలమంతా తెలిసింది. వాడు "జై తెలంగాణ" అంటే మైకు అక్కర్లేదు. జనగామలో సభకు వెళ్లి, వానలో బండి మీద తిరిగొస్తూ, చీకట్లో రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని చూసుకోలేదు. జనగామ దవాఖాన నుంచి దోస్తులే వాణ్ణి ఇంటికి తెచ్చారు.

మేము వెళ్లేసరికి వాకిలంతా కుర్రాళ్లే. గులాబీ కండువాలు, జెండాలు, ట్రాలీకి కట్టిన మైకు. గోడకు పెద్ద ఫ్లెక్సీ, దాని మీద పృథ్వీ బొమ్మ, "అమరుడు పృథ్వీ" అని మనిషెత్తు అక్షరాలు. అన్నీ ముందుండి చూస్తున్నవాడు రవితేజ, పృథ్వీకి ప్రాణస్నేహితుడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి, కానీ కాలు నిలవడం లేదు. కళ్లం దగ్గర తాము ఏం చేయబోతున్నారో అక్కకు చెప్పాడు. "మైకుల అందరం ఒక్కపారి పిలుస్తం అక్కా. పృథ్వన్నా అని మూడుసార్లు. ఊరు దద్దరిల్లాలె."

కళ్లమంటే తెలియనివాళ్లకు చెబుతాను. మావైపు పాడెను తిన్నగా కాటికి తీసుకుపోరు. సగం దారిలో ఒకచోట దింపుతారు. అది దింపుడు కళ్లం. అక్కడ అయినవాళ్లు వంగి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. కొన ఊపిరి ఎక్కడైనా ఉంటే పలుకుతారని. పలికినవాళ్లను నేనైతే చూడలేదు. అయినా పిలవకుండా ఎవరం ముందుకు పోము.

అక్క లోపలికి వెళ్లి గట్టమ్మ పక్కన కూర్చుంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. గట్టమ్మ ఏడవడం లేదు. కొడుకు చొక్కా ఒళ్లో పెట్టుకుని దాని గుండీలు పెట్టడం, మళ్లీ విప్పడం.

"కొడుకును ఇంట్ల ఏమని పిలుస్తవ్ అవ్వా?" అంది అక్క.

"పృథ్వీ" అంది గట్టమ్మ. "గాడ రాసిండ్రు గద."

అక్క తల ఊపి ఊరుకుంది. బయట మైకు సరిచేస్తున్నారు. నాకు కాళ్లు పీకుతున్నాయి, ఇక లేద్దామని సైగ చేశాను. అక్క నా వైపు చూడనే లేదు. చాలాసేపటికి గట్టమ్మ గుండీలు వదిలేసింది.

"గా పేరు వాడే పెట్టుకున్నడు బిడ్డా, పదోతరగతిల. నా నోట్లె అది తిరగది. నేను పెట్టిన పేరు వేరే ఉన్నది."

పృథ్వీకి ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారట. అందుకని వీడు పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పొరుగింటావిడ చేత ఎత్తించి, గుప్పెడు తవుడుకు కొనుక్కుంది. మృత్యువు చూసినా, ఛీ అని వదిలేసి పోయేలాంటి పేరు పెట్టింది. అట్లాంటి పేర్లు మావైపు ఊరికొకటి ఉంటాయి. ఏ పేరని అడగకండి, నేను రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు నవ్వుతారు. అప్పుడు నా నోరు ఊరుకోదు.

"ఒకపారి గీ దోస్తులందరు ఇంటికొచ్చిండ్రు" అంది గట్టమ్మ. "బువ్వ తిందువు రారా అని గా పేరుతోటి పిలిచిన. పకపక నవ్విండ్రు. నా కొడుకు గా పూట తినలే. నలుగుర్ల గా పేరు తియ్యకే అవ్వా అని నా చెయ్యి తీస్కోని నెత్తి మీద పెట్టుకున్నడు. ఒట్టేసిన బిడ్డా. ఇయ్యాల నలుగురు గాదు, ఊరే ఉన్నది. గా పేరుతోటి పిలిస్తె ఒట్టు తప్పినట్టు. పృథ్వీ అని పిలిస్తె, ఎవల్నో పిలుస్తుందనుకుంటడు, పలుకడు. నేనేం జెయ్యాలె?"

అయ్యో తల్లీ! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట. నాకు ఏడుపొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్క ఏడవలేదు. లేచి తిన్నగా రవితేజ దగ్గరికి వెళ్లింది.

"తమ్మీ, కళ్లం కాడ మైకు వద్దు. తల్లి పిలుస్తది. ఆమె వంగంగనే డప్పులు గట్టిగ కొట్టియ్యి. మీరంతా గొంతు చించుకోని జై కొట్టుండ్రి. ఆమె లేచేదాక ఆపొద్దు."

"అదేందక్కా? కళ్లం కాడ సప్పుడు బంద్ చేస్తరు గద!"

"ఇయ్యాల చెయ్యొద్దు. ఎందుకని అడగకు."

రవితేజ మొహం ఎర్రబడింది. "వాడు మా అందరోడు అక్కా. మేం గూడ పిలుస్తం."

"అందరోడే, ఎవలు కాదన్నరు? ముందుగాల్ల ఆమె కడుపుల పుట్టిండు."

వాడు ఫ్లెక్సీ వైపు చూశాడు, గడప లోపల కూర్చున్న గట్టమ్మ వైపు చూశాడు. తలూపి మైకు తీగ పీకేశాడు. అక్కకు ఎంత తెలివి అనుకున్నాను నేను. ఊరి లొల్లినే తెర చేసింది. ఆ తెర చాటున తల్లి తనకిష్టమైన పేరుతో పిలుచుకోవచ్చు, ఎవరికీ వినపడదు. ఒట్టూ నిలుస్తుంది, పిలుపూ దక్కుతుంది.

పాడె లేచింది. సన్నగా వాన. గట్టమ్మ కులంలో ఆడవాళ్లు కళ్లం దాకా వెళ్తారు, అక్కణ్ణుంచి వెనక్కి మళ్లుతారు. మేమూ వెళ్లాము. పాడె దింపారు. గట్టమ్మ మోకాళ్ల మీద కూర్చుని కొడుకు చెవి దగ్గరికి వంగింది. రవితేజ చెయ్యెత్తాడు. డప్పులు ఒక్కసారిగా మోగాయి. జై తెలంగాణ! పృథ్వన్న అమర్ రహే! ఆ కుర్రాళ్లు ఏడుస్తూ అరిచారు. అందరి గొంతులు కలిసినా పృథ్వీ ఒక్క గొంతుకు సరిపోలేదు. గట్టమ్మ పెదవులు కదిలాయి. ఒకసారి. చెవి కొడుకు నోటి దగ్గర పెట్టింది. మళ్లీ వంగింది. రెండోసారి.

మూడోసారి వంగబోయి ఆగింది. తలెత్తింది. చెయ్యి పైకి లేపింది.

"ఆపుండ్రి!" అంది. ఆ డప్పుల్లో మొదట ఎవరికీ వినిపించలేదు. "ఆపుండ్రయ్యా! గీ లొల్లిల నా కొడుక్కు ఎట్ల ఇనవడ్తది?"

డప్పులు ఆగిపోయాయి. నేను అక్క మొహం చూశాను, పాలిపోయింది. అన్నీ అడిగింది, అన్నీ ఆలోచించింది. ఎవరికీ వినపడకుండా చేసింది సరే, వాడికి వినపడాలన్న సంగతి మరిచిపోయింది. అక్క తన పొరపాటని చెప్పుకునేది దీన్నే. అది పొరపాటే, నేను కాదనను. కానీ ఆ రెండుసార్లు తెరచాటున పిలుచుకుని ఉండకపోతే, గట్టమ్మకు మూడోసారి ధైర్యం వచ్చేదా? అది అక్క ఎప్పుడూ చెప్పుకోదు.

జెండాల మీంచి వాన నీళ్లు కారుతున్నాయి. గట్టమ్మ కొడుకు తల రెండు చేతుల్లోకి తీసుకుంది. బువ్వకు పిలిచినట్టు, వాకిట్లోంచి వీధి చివరకు వినపడేటట్టు, గొంతెత్తి ఆ పేరుతో పిలిచింది. తాను పెట్టిన పేరుతో. ఊరంతా విన్నది.

రవితేజ మెడలో కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఆనాడు నవ్విన కుర్రాళ్లంతా అక్కడే ఉన్నారు, తలలు వంచుకుని. గట్టమ్మ కొడుకు నోటి దగ్గర చెవి పెట్టి అట్లాగే ఉండిపోయింది. తొందరపెట్టబోయిన పెద్దమనిషిని అక్క చేత్తో ఆపింది. చివరికి గట్టమ్మ లేచి, చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటే చూసింది. అక్క దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"పలుకలే బిడ్డా" అంది. కొంగుతో మొహం మీది వాన తుడుచుకుని, "గని ఎవ్వలు నవ్వలే" అంది.